తినకముందే టిప్పు

మా కాలేజీ స్నేహితురాళ్లు నలుగురు ఎక్కడ కలిసినా, గృహప్రవేశమైనా, ఎవరి పిల్లకో ఓణీల ఫంక్షనైనా, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని మరీ ఆ చీపురుపల్లి హోటలు కథ ఎత్తుకుంటారు. వాళ్ల కథలో నేను పది రూపాయలు పారేసి యాభై మందికి వంట చేయించాను, స్టేషను మాస్టరు నెత్తిన సాంబారు పోశాను, చివరికి హోటలాయన కాళ్లు పట్టుకుని బయటపడ్డాను. మూడూ అబద్ధాలే. వంట జరిగింది ముప్పై మందికి. ఒలికింది చారు, పడింది ఒక పెళ్లిళ్ల పేరయ్య పంచె మీద. ఇక కాళ్లు పట్టుకోవడమనేది నా జాతకంలోనే లేదు, కావాలంటే మా ఆయన్ని అడగండి. ఇన్నేళ్లూ పోనీలే అని ఊరుకున్నాను గానీ, మొన్న మా అమ్మాయి కూడా ఆ యాభై మంది లెక్కే చెప్పేసరికి ఇక రాసి పెట్టక తప్పలేదు.

మా వైపు అప్పట్లో ఆడపిల్లలు తమంతట తాము హోటల్లో కూర్చుని భోజనం చేయడమే ఒక సాహసం. టిప్పు అనే మాట తెలుసు గానీ దాన్ని ఇచ్చినవాళ్లనెవరినీ మేము చూసింది లేదు. బిల్లు సోంపు పళ్లెంలో వస్తే, సోంపు రుమాల్లోకి, చిల్లర పర్సులోకి పోయేవి, పళ్లెం ఒక్కటే సర్వరుకి మిగిలేది. (ఆ పళ్లెం ఎత్తుకుంటూ ఆయన చూసే చూపుని మేము గౌరవం అనుకునేవాళ్లం.) అలాంటి రోజుల్లో, డిగ్రీ చివరి ఏడాదిలో, విజయనగరం నుంచి మేము ఐదుగురం చీపురుపల్లిలో జరిగే వక్తృత్వ పోటీకి పొద్దున్నే పాసింజరు ఎక్కాం. అంశం, లంచంలో తప్పు ఇచ్చేవాడిదా, పుచ్చుకునేవాడిదా అని. ఇచ్చేవాడిదేనని నేను చెప్పాలి.

అక్కడ అతిథులకే భోజనం, పోటీదారులకు టీ బిస్కట్టేనని ముందే తెలుసు కాబట్టి, రైల్లో మాటలన్నీ మధ్యాహ్నం హోటలు చుట్టూనే తిరిగాయి. మాలో ఒకర్తిని మేము లాపాయింటు అనేవాళ్లం, వాళ్ల నాన్న ప్లీడరు దగ్గర గుమాస్తా. సర్వీసు బాగుంటే టిప్పు ఇవ్వాలి, బాగోకపోతే నయాపైసా ఇవ్వకూడదు, అంతే చట్టం అని తీర్పిచ్చేసింది. నాకు ఒళ్లు మండింది. “తిన్నాక ఇస్తే ఏం లాభమే? చల్లారిపోయిన అన్నం పెట్టినవాడు నీ పది రూపాయలు చూసి ఆ అన్నాన్ని నీ కడుపులోనే వేడి చేస్తాడా? ముందే ఇచ్చేస్తే చెడ్డ సర్వీసనే మాటే రాదు,” అన్నాను. “ముందిస్తే దాన్ని లంచం అంటారే తల్లీ. ఈ పొద్దు నువ్వు తిట్టబోయేది దాన్నే కదేటి,” అంది లాపాయింటు. పెట్టెలో ఉన్నవాళ్లందరూ నవ్వారు, పల్లీలమ్మే ఆవిడతో సహా. ఓడిపోయి ఊరుకునే అలవాటు నాకు అప్పుడూ లేదు.

అందుకే నా ప్రసంగం ముగించుకుని, మిగతా వాళ్లవి ఇంకా సాగుతుండగానే, నీళ్లు తాగే నెపంతో బయటపడి స్టేషను పక్కన ఉన్న హోటలుకి పోయాను. లోపల ఒక్క సర్వరు బల్ల తుడుస్తున్నాడు. ఒకసారి తుడిచి, తుడిచిన చోటు కాసేపు చూసి, మళ్లీ తుడుస్తున్నాడు. ఆయన్ని అందరూ నిదానం అంటారని తర్వాత తెలిసింది. ఒక పది రూపాయల నోటు ఆయన చేతిలో పెట్టాను. టిప్పు అంటే చిన్నబుచ్చుకుంటాడేమోనని ఆ మాట అనలేదు.

“ఇది ఉంచండి. మధ్యాహ్నం పోటీలకి వచ్చినవాళ్లం భోజనానికి వస్తాం. అన్నం వేడిగా ఉండాలి. నెయ్యి అడక్కుండా వేయాలి.”

ఆయన నోటుని వెలుతురుకి ఎత్తి చూశాడు. “అందరూ వస్తారేటమ్మా?”

“అందరం వస్తాం.”

“సరే మరి. మాట మాటే,” అన్నాడు. అందరం అంటే మా ఐదుగురమని నా మనసులో ఉంది. ఆయన మనసులో పోటీకి ఎన్ని కాలేజీలొచ్చాయో అన్నీ ఉన్నాయి. లంచం ఇచ్చేవాడిదే తప్పని చెప్పినందుకు ఆ రోజు మొదటి బహుమతి నాకే ఇచ్చారు, మూడు గిన్నెల స్టీలు క్యారేజీ.

మేము ఐదుగురం క్యారేజీ ఊపుకుంటూ హోటలుకి చేరేసరికి గుమ్మంలో హోటలు సావుకారే నిలబడి ఉన్నాడు, నుదుటి మీద కొత్తగా పెట్టిన బొట్టుతో. లోపల బల్లలన్నిటి మీదా అడ్డాకు విస్తర్లు పరిచి, నీళ్లు చల్లి ఉన్నాయి. గోడ వారగా మూత పెట్టిన గుండిగలు. “రండమ్మా, రండి. మిగతావోళ్లు ఎనకొస్తన్నారా?” అన్నాడు. మాలో పొడుగ్గా ఉండే పిల్ల వెనక్కి తిరిగి రోడ్డంతా చూసి, “మిగతావాళ్లు ఎవరండీ?” అంది.

ఇక్కడ మా ప్రాంతం పద్ధతి ఒకటి చెప్పాలి. జీడితోట కొనాలన్నా, ఎద్దుల జత కుదరాలన్నా, పెళ్లికి బ్యాండు మేళం పిలవాలన్నా, సరుకు కంటే ముందు చేతిలో డబ్బు పడితే దాని పేరు బయానా. పదైనా, పదివేలైనా బయానా బయానానే, ఇక ఇటువాళ్లూ అటువాళ్లూ మాట తప్పకూడదు. నిదానం ఆ నోటు తీసుకెళ్లి గల్లాపెట్టెలో వేసి, పోటీకొచ్చిన కాలేజీల వాళ్లందరికీ భోజనాలకి బయానా ముట్టిందని చెప్పాడు. సావుకారు రోజూ వచ్చే గిరాకీని వెనక్కి పంపి, ముప్పై మందికి వండించాడు.

“అది బయానా కాదండీ, టిప్పు,” అన్నాను.

“తినకముందు టిప్పేటమ్మా? పిల్ల పుట్టకముందే బారసాల సేస్తారేటి?”

“మరి సర్వరు చేతిలో పెడితే మీ పెట్టెలోకి ఎందుకొచ్చింది?”

సావుకారు నిదానం వైపు చూశాడు. నిదానం తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుని, “నాకే ఇచ్చినారని నాకేటి తెలుసు బాబూ? నాకెవులూ ఎప్పుడూ ఏటీ ఇవ్వనేదు కదా,” అన్నాడు.

లాపాయింటు నా చెవిలో, “ఒసే, ఆయన సాక్ష్యం నీకే వ్యతిరేకం,” అంది. నేను వినిపించుకోలేదు. ముందు ఆ పది రూపాయలు పెట్టెలోంచి తీసి నిదానం చేతిలో పెట్టమన్నాను, ఆ తర్వాతే మిగతా వాదన అన్నాను. నా గొంతు అప్పటికే రోడ్డు మీద జనాన్ని ఆపుతోంది. సావుకారు విసుక్కుంటూ నోటు తీసి నిదానానికి ఇచ్చి, “అది అయిపోనాది. ఇప్పుడు ముప్పై మంది కూడు ఎవులు తింతారో సెప్పు. మీ నాన్నెవులు?” అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పొడుగు పిల్ల, “గరివిడి ఫ్యాక్టరీలో పని చేస్తారండీ, రోజూ విజయనగరం నుంచి వెళ్లొస్తారు,” అని ఎంతో వినయంగా చెప్పింది. (ఆ పిల్ల ఇప్పుడు ఒక స్కూలుకి హెడ్మిస్ట్రెస్సు. పిల్లల గుట్టు ఎంత బాగా కాపాడుతోందో ఊహించండి.) “గరివిడేనా? పాలబండి ఇప్పుడు అటే ఎల్తాది. కబురెడతానుండు,” అన్నాడు సావుకారు.

అప్పుడు నాకు ఇంటి సంగతి గుర్తొచ్చింది. విశాఖపట్నంలో ఎమ్మే చేరడానికి ఫారం తెచ్చి పెట్టుకున్నాను. మా నాన్నమ్మేమో, “ఆడపిల్లకి నోరు ఎక్కువైతే సదువు తగ్గించాల,” అని రోజూ పోరుతోంది. మా నాన్న ఎటూ తేల్చక ఆ ఫారం బియ్యపు డబ్బా మీద అలాగే వదిలేశారు. ఆయన సంతకం ఇంకా పడలేదు. హోటలు వాళ్లతో గొడవ పడి, ముప్పై భోజనాల డబ్బుకి కబురొచ్చిందంటే, ఆ ఫారం పొయ్యిలోకే.

సరిగ్గా అప్పుడే స్టేషనులో, మా పాసింజరు బాగా ఆలస్యమని మైకులో చెప్పారు. నేను క్యారేజీ లాపాయింటు చేతిలో పెట్టి ప్లాట్‌ఫారం మీదికి పరిగెత్తి, ఒక సామాన్ల పెట్టె ఎక్కాను. “అయ్యలారా, అమ్మలారా, బండి ఎప్పుడొస్తాదో ఆ దేవుడికే తెలుసు. ఆకలి మాత్రం వచ్చేసింది. అవునా, కాదా?” అని మొదలుపెట్టాను. పొద్దున్న లంచం మీద మాట్లాడినదానికంటే ఇదే బాగా మాట్లాడానని ఇప్పటికీ నా నమ్మకం. మొదట పెళ్లిళ్ల పేరయ్య లేచాడు, ఆయన వెనక సంతలో ఎండుచేపలు అమ్ముకుని ఖాళీ తట్టలతో కూర్చున్న ఆడవాళ్లు లేచారు, వాళ్లని చూసి తక్కినవాళ్లూ లేచారు. మూలన ఒక్క విస్తరి తప్ప బల్లలన్నీ నిండాయి.

నిండాక చూస్తే నిదానం కదలడం లేదు. పది రూపాయల నోటు ఇంకా చేతిలోనే ఉంది.

“ఇప్పుడు ఇది నాదే కదమ్మా?”

“మీదే.”

“మరి నానేటి సెయ్యాల?”

“ఏమీ చేయక్కర్లేదు, అది ఊరికే,” అన్నాను. ఇంగితం ఉన్న మనిషి ఎవరైనా ఆ మాటని మర్యాదగా తీసుకుంటాడు. నిదానం ఉన్నదున్నట్టుగా తీసుకున్నాడు. నోటు మడిచి జేబులో పెట్టుకుని, మూలనున్న ఖాళీ విస్తరి ముందు కూర్చున్నాడు. “అలగైతే నాకూ ఏసీమను. నోటు నాదైతే బయానా నాదే కదా, ముప్పై మందిలో నానూ ఒకణ్ని,” అన్నాడు. ముందే టిప్పు ఇస్తే సర్వరు ఏం చేస్తాడన్న దానికి నేను కళ్లారా చూసిన ఫలితం అది.

ఇంకేముంది, మేమే కొంగులు దోపుకున్నాం. సావుకారు వంటింటి గుమ్మంలో నిలబడి అందిస్తుంటే మేము వడ్డించాం. నా వాటాకి చేపల ఆడవాళ్ల వరస వచ్చింది. అందులో చివర కూర్చున్నావిడ పెద్ద మనిషి, ముక్కుకి రెండు వైపులా అడ్డబాసలు, నా నోటికి తగిన నోరు. “ఓలమ్మీ, గిన్నె పట్టుకున్నావా, పసిగుంటనెత్తుకున్నావా? వంచు.” వంచాను. “నెయ్యి సుక్క సూపించి ఎత్తుకుపోతన్నావేటి? హారతిస్తన్నావా?” ఇంకో చుక్క వేశాను. “నోరు సూస్తే రైలుకూత, సెయ్యి సూస్తే గూడ్సుబండి.” మాటకి మాట చెప్పాలని ఇటు తిరిగేసరికి చేతిలో ఉన్న చారు అటు పేరయ్య పంచె మీద పడింది. మూల నుంచి నిదానం, “చారు ఎప్పుడూ రొండు సేతులా పట్టుకోవాలమ్మా,” అన్నాడు, నోటి నిండా అన్నంతో. ఆయన తినడంలో నిదానం ఏమీ లేదు.

చారు అన్నం కలుపుకుంటూ ఆ పెద్దావిడ ఎడం చేత్తో రొంటినున్న సంచి విప్పి, ఐదు రూపాయల బిళ్ల ఒకటి నా చేతిలో కుక్కింది. “ఎడంసెయ్యని అనుకోకు. ఉంచు.”

“ఎందుకు?”

“ఉంచమంటే ఉంచు. బేగి మజ్జిగ తే.”

నేను మజ్జిగ కుండ దగ్గరికి వెళ్లి వచ్చేలోపు గంట కొట్టారు. బండొచ్చేసింది. బల్లలన్నీ ఒక్కసారి లేచాయి, సావుకారు గుమ్మానికి అడ్డంగా నిలబడి డబ్బు వసూలు చేశాడు, తట్టలు నెత్తికెక్కాయి. నా చేతిలో మజ్జిగ గ్లాసు, ఎదురుగా ఆవిడ విస్తరి. తనవైపు మడిచిందో, అవతలికి మడిచిందో చూసైనా ఆవిడ మనసు తెలుసుకుందామంటే, అసలు మడవనే లేదు. గ్లాసు అక్కడే పెట్టి మేమూ పరిగెత్తాం. మిగిలిన కూర సావుకారు మా క్యారేజీలో పోసి రైలు మెట్టు దాకా తెచ్చి అందిస్తూ, “వచ్చే ఆదోరం కూడా రామ్మా,” అన్నాడు. విజయనగరంలో దిగి చివరి పెట్టెల దాకా వెతికాను, తట్టలవాళ్లు ఎవరూ కనబడలేదు.

కబురు ఎలాగూ గరివిడి చేరింది. తిన్నవాళ్లలో మా నాన్న ఫ్యాక్టరీ ఆయనే ఒకరున్నారట. మూడో రోజు మా నాన్న బియ్యపు డబ్బా మీద ఫారం తీసి, “ఇంత నోరేసుకుని ఇంట్లో ఉంటే మేం బతకలేం,” అని సంతకం పెట్టారు. మా నాన్నమ్మ మాత్రం, “వడ్డన నేర్సుకున్నాది, అదే పదివేలు,” అంది.

ఇప్పుడు ఇంటికి భోజనం తెప్పించుకుందామని ఫోను తీస్తే, పొయ్యి మీద గిన్నె ఎక్కకముందే, తెచ్చే పిల్లాడికి టిప్పు ఎంత ఇస్తారని అడుగుతోంది. నా సిద్ధాంతమే, నన్నడక్కుండా దేశమంతా అమలు చేసేశారు. లాపాయింటుకి ఫోను చేసి చెబితే, “అప్పుడూ లంచమే, ఇప్పుడూ లంచమే,” అని పెట్టేసింది. నాకేమో ఆ అంకెల మీద వేలు పెట్టేటప్పుడల్లా, కొంగు దోపుకుని, గిన్నె సరిగా పట్టుకోవడం కూడా రాకుండా, ముప్పై మంది మధ్య నిలబడి వాదించబోయిన ఆ పిల్ల గుర్తొస్తుంది, నవ్వొస్తుంది. ఇంతలో అన్నం పార్సిలు వస్తుంది, చల్లగానే ఉంటుంది.

ఇన్నేళ్లలో ఎన్ని హోటళ్లలో ఎంతమందికి ఎంతెంత ఇవ్వాలో తేల్చాను. మంచి సర్వీసుకి ఇంత, చెడ్డ సర్వీసుకి ఇంత అని మా ఇంట్లో అందరికీ పాఠం చెబుతాను. ఒక్క ఐదు రూపాయలే తేలలేదు. తినకముందూ కాదు, తిన్నాకా కాదు, చారుకీ మజ్జిగకీ మధ్యలో ఇచ్చింది ఆవిడ. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, అది నేను వడ్డించిన దానికి టిప్పా, వడ్డించని మజ్జిగకి బయానానా?