సినెక్డకీ దగ్గర మొదలైన కొట్లాట

కోడుమూరు మగ్గాల వీధిలో ఇంగ్లీషు ఎం.ఏ. చదివినవాడు ఉమామహేశ్వర ఒక్కడే. ఊరి చివర ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పుకుంటూ, సర్కారు బడిలో ఇంగ్లీషు పంతులు కావాలని డీఎస్సీకి చదువుతుండేవాడు. అంతకుముందు రెండుసార్లు రాసి పోగొట్టుకున్నాడు. భార్య స్వర్ణలతది ఆత్మకూరు. ఆమె కూడా ఇంగ్లీషు సాహిత్యంతో డిగ్రీ, ఆపైన బీఈడీ చేసింది. టెట్ కూడా పెళ్లికి ముందే పాసయింది. కోడుమూరు వచ్చాక ఆ సర్టిఫికెట్లు బీరువా అడుగుకు చేరాయి, ఆమె మగ్గం గుంతలో కూర్చుంది. అత్త సుబ్బక్క పడుగు సరిచేసి ఇస్తే కోడలు నేసేది. కూతురు శివాని అప్పటికి ఆరో తరగతి.

మళ్లీ నోటిఫికేషన్ వస్తుందన్న మాట వినగానే ఉమామహేశ్వర లావుపాటి గైడు ఒకటి కొనుక్కొచ్చాడు. అందులో ముందు సగం కష్టమైన పదాలు, వాటి అర్థాలు. వెనక సగం సాహిత్యానికి సంబంధించిన మాటలు: సిమిలీ, మెటఫర్, ఐరనీ, ఇంకా నోరు తిరగనివి ఎన్నో. పొద్దున బడికి పోయే ముందు ఆ గైడు భార్య చేతిలో పెట్టి, "నువ్వు అడుగుతా ఉండు, నేను చెప్తా" అనేవాడు. స్వర్ణలత కండెలు చుడుతూనే అడిగేది. అలా అడిగీ అడిగీ ఆ మాటలు అతని కంటే ముందు ఆమె నోటికి పట్టాయి.

ఒకరోజు ఆమె ప్రశ్న చదివింది. "'ఈ పనికి ఇంకో నాలుగు చేతులు కావాల' అంటే, చేతులంటే మనుషులు. దీన్నేమంటారు?"

"మెటానమీ," అన్నాడు ఉమామహేశ్వర.

"కాదు, సినెక్డకీ. చెయ్యి మనిషిలో భాగం కదా. భాగాన్ని చెప్పి మనిషిని అనుకుంటే సినెక్డకీ. మెటానమీ అంటే 'ఖాకీ వచ్చింది' అన్నట్టు. ఖాకీ పోలీసోని ఒంట్లో భాగం కాదు, ఒంటిమీద ఉండేది."

అతని మొహం మాడిపోయింది. "జవాబు చూసి చెప్తాండావు."

"జవాబులు వెనక పేజీలో ఉండాయి. నేను తిప్పలేదే."

"నిన్ను అడగమన్నా గాని, చెప్పమన్నానా?" అంటూ గైడు లాక్కున్నాడు. ఆ రోజు నుంచి దాన్ని తన బడిసంచిలోనే పెట్టుకుని తిరిగాడు.

స్వర్ణలతకు రోషం వచ్చింది. సాయంత్రం అన్నం వడ్డిస్తూ, "ఈసారి నేనూ రాస్తా," అంది. ఉమామహేశ్వర మొదట నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి కంచం పక్కకు జరిపాడు.

"ఒకే జిల్లా, ఒకే కులం, ఒకే సబ్జెక్టు. ఉండేవే ఒకటో రెండో పోస్టులు. నువ్వు రాస్తే నా కడుపు మీద కొట్టినట్టే."

"నాకూ కడుపు ఉండాది కదా."

సుబ్బక్క గడప మీద కూర్చుని వింటోంది. "మగోడు చదివి ఇంటిని ఉద్ధరించింది చాల్లేదు, ఇంక ఈమె ఉద్ధరిస్తాదంట," అని మూతి తిప్పింది. ఆ మాట కోడలినీ వదలలేదు, కొడుకునూ వదలలేదు.

స్వర్ణలత తమ్ముడు అవినాష్ ఆత్మకూరు నుంచి ఇంకో గైడు బస్సులో పంపించాడు. ఆమె పదాలు కాగితాల మీద పెద్ద అక్షరాలతో రాసి, కళ్లెదురుగా ఉండేలా మగ్గానికి దారంతో కట్టుకుంది. నాడె అటూ ఇటూ విసిరి నేస్తూ చదివేది. సాహిత్యం మాటలకైతే ఉదాహరణలు వెతుక్కోవాల్సిన పనే లేకపోయింది. అత్త తిట్లు చాలు. "నీది నోరు కాదే, సున్నపు బట్టీ" అంటే మెటఫర్. "దాని పొగరు మబ్బుల్ని తాకుతాది" అంటే అతిశయోక్తి, హైపర్బలీ. "మా కోడలంత అణకువ ఈ తాలూకాలో లేదమ్మా" అని ఇరుగుపొరుగుతో అంటే అది ఐరనీ. తిట్టు పడిన ప్రతిసారీ ఆమె ఒళ్లు మండేది, మాట మాత్రం మనసులో నిలిచిపోయేది.

చదువు సాగేకొద్దీ మొగుడూపెళ్లాలు మాట్లాడుకోవడం తగ్గి, పొడుచుకోవడం ఎక్కువైంది. ఒకసారి ఆమె నేరం మోపడం అనే అర్థం ఉన్న మాటను అక్షరాలు ఎలా ఉన్నాయో అలాగే 'ఇండిక్ట్' అని చదివింది. అక్కడే చొక్కా తొడుక్కుంటున్న ఉమామహేశ్వర పగలబడి నవ్వాడు. "దాన్ని ఇండైట్ అంటారు. ఇంగ్లీషు పంతులమ్మ అవుతాదంట! ఇండిక్ట్ మేడమ్!" అని వాకిట్లోకి పోయి మరీ అరిచాడు. పక్కింటి భీమమ్మకు ఆ ముక్క ఏమీ అర్థం కాకపోయినా, పంపు దగ్గర కనబడినప్పుడల్లా "ఏం ఇండిక్టూ, నీళ్లు పట్టుకున్యావా?" అని పలకరించేది.

స్వర్ణలత ఆ బాకీ ఉంచుకోలేదు. ఉమామహేశ్వరతో పనిచేసే లెక్కల పంతులు జయరాజ్ ఒక ఆదివారం ఇంటికొచ్చాడు. టీ తాగుతూ మాటల మధ్యలో ఉమామహేశ్వర నిలువెత్తు ఉదాహరణ అనే అర్థంలో 'ఎపిటోమ్' అన్నాడు. వంటింట్లోంచి ఆమె గొంతు పెంచి, "ఎపిటోమ్ కాదు, ఎపిటమీ," అంది. జయరాజ్ టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. వారం తిరక్కుండానే బడిపిల్లలు ఉమామహేశ్వరను వెనక నుంచి 'ఎపిటోమ్ సార్' అనడం మొదలుపెట్టారు. అది విని ఆమె లోపల సంతోషపడింది. శివాని ఏడుస్తూ, "నాయన్ని అందరూ ఎక్కిరిస్తాండారు" అన్నప్పుడు మాత్రం కూతురిని దగ్గర కూర్చోబెట్టుకుని జడ వేసింది.

ఆ మర్నాడు మగ్గం మీద కాగితాలు లేవు. వెతికితే పడుగుకు పెట్టడానికి కాచిన గంజి బానలో సిరా విడుస్తూ తేలుతున్నాయి. సుబ్బక్క కొడుకును పట్టుకుని చెడామడా తిట్టింది, కాగితాల కోసం కాదు, గంజి పాడయినందుకు. "తెల్ల పడుగు రా అది! నీలం గంజి పెడితే ఎవడు కొంటాడు? మీ ఇద్దరి ఇంగ్లీషు మన్నయిపోను!"

స్వర్ణలత ఆ పదాలన్నీ మళ్లీ రాసింది. ఈసారి కాగితాలు కట్టలేదు, తన చీర మడతల్లో పెట్టుకుంది. అప్పటి నుంచి అతనికి అన్నం వడ్డించడం మానేసింది. గిన్నెలు ముందు పెట్టి పక్కకు పోయేది.

పరీక్ష కర్నూలులో, ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ల మీద. ఇద్దరికీ ఒకే రోజు, ఒకే పూట పడింది. అయినా ఒకే బస్సు ఎక్కలేదు. అతను ముందు బస్సులో పోయాడు, ఆమె తర్వాతి బస్సులో నిలబడి పోయింది. హాల్లో అతని వీపు ఆమెకు రెండు వరుసల అవతల కనిపిస్తూనే ఉంది. తెర మీద 'జ్యూగ్మా' అన్న మాట వచ్చింది. అదేమిటో ఆమె ఎక్కడా చదవలేదు. తోచింది నొక్కి ముందుకు పోయింది. బయటికొచ్చాక గేటు దగ్గర ఎదురుపడ్డారు. ఇంటికి కూడా వేరే వేరే బస్సుల్లోనే పోయారు.

ఫలితాల్లో స్వర్ణలత పేరుంది. ఉమామహేశ్వర పేరు లేదు.

"ఆడోళ్ల కోటాలో వచ్చింది," అన్నాడు వచ్చినవాళ్లందరితో.

"కోటా తీసేసినా నువ్వు నా యెనకే. మార్కులు చూసుకో పో," అంది ఆమె, వాళ్ల ముందే.

సర్టిఫికెట్ల తనిఖీకి పోయినప్పుడు అక్కడి అధికారి ఆమె ఫైలు పక్కన పెట్టాడు. డిగ్రీలో ఆమెకు ఇంగ్లీషు సాహిత్యం లేదనీ, దొంగ కాగితాలు పెట్టిందనీ ఫిర్యాదు వచ్చిందట. కాలేజీ నుంచి, విశ్వవిద్యాలయం నుంచి రుజువులు తెమ్మన్నాడు. ఎండలో ఊళ్లు తిరిగి, తమ్ముణ్ణి వెంటేసుకుని, గడువులోగా అన్నీ తెచ్చి చూపించింది. కాగితాలు సరిగ్గానే ఉన్నాయని అధికారి సంతకం చేశాడు. అక్కడి నుంచి నేరుగా ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా అడిగింది.

"ఆ ఫిర్యాదు రాసింది ఎవరు?"

ఉమామహేశ్వర దాచలేదు. "నేనే. నాకు రాంది నీకెట్ల వస్తాది?"

"నా చదువు దొంగదని నీ చేత్తో రాసినావా? పెళ్లిచూపుల్లో ఆ సర్టిఫికెట్లు తిప్పి తిప్పి చూసుకుంటివే!"

"అప్పుడు నువ్వు నాతో పోటీకి రాలేదు."

సుబ్బక్క తిప్పుతున్న రాట్నం ఆపింది. "ఒరే, నీ చేత కాలేదు. దాని చేత అయింది. దాని నోటి కాడిది తీసి పారేస్తే నీ నోట్లోకి వస్తాదా?" అని, వెంటనే కోడలి వైపు తిరిగింది. "నువ్వు మాత్రం ఏం తక్కువదానివి? మొగున్ని ఊర్లో నవ్వులపాలు చేస్తివి. పో, యాడికి పోతావో పో. నీ మొహం నాకు చూపియ్యాకు."

స్వర్ణలతకు ఆత్మకూరు దగ్గర, నల్లమల అంచున ఉన్న ఊళ్లో పోస్టింగు వచ్చింది. శివానిని వెంటబెట్టుకుని పోయింది. కూతురి టీసీ కోసం తండ్రి సంతకం కావాలంటే ఉమామహేశ్వర మూడుసార్లు తిప్పించుకుని, చివరికి కాగితం చూడకుండా గీకి పారేశాడు.

చేరిన కొన్నాళ్లకు అతను చెప్పాపెట్టకుండా ఆ బడికి వచ్చాడు. ఆమె ఎనిమిదో తరగతిలో పాఠం చెబుతోంది. తలుపు దగ్గర నిలబడి, పిల్లలందరూ వింటుండగా, "కోడుమూరు పక్కకు బదిలీ పెట్టుకో. లేకుంటే నాకు పెండ్లామే లేదనుకుంటా," అన్నాడు.

"పాఠం జరుగుతాండాది. బయట కూర్చో, అయినంక మాట్లాడదాం."

"నీ గడపలో నేను కాచుకోల్లా?"

అతను కూర్చోలేదు. ఎండలో బస్టాపుకు నడిచిపోతుంటే కిటికీలోంచి కనిపించాడు. ఆమె చేతిలో సుద్దముక్క విరిగింది. ఇంకోటి తీసుకుని బోర్డు వైపు తిరిగింది. అతని మీద జాలి కలుగుతుందేమోనని తనలో తాను వెతుక్కుంది. కోపమే దొరికింది.

ఆమె బదిలీ పెట్టుకోలేదు. దసరా సెలవులకు శివానిని అవినాష్ తీసుకుపోయి కోడుమూరులో దింపాడు. తిరిగొచ్చిన కూతురు సంచిలోంచి బట్టలు తీస్తూ, "నాయన నీ గురించి ఏమీ అడగలేదు," అంది.

"నేను అడిగినానా?" అంది స్వర్ణలత, మాసిన బట్టలు వేరు చేస్తూ.