దోమతెరలో ఎవరు పడుకోవాలి

“జరమున్న మనిషిని తెరల పండవెట్టి, మంచిగున్న పిల్లను దోమలకు ఇడువుమంటవా? నీకు మతి ఉన్నదా తమ్మీ?”

“ఉన్నదక్కా, నా మాట ఇను. దోమకు జరం పుట్టుకతోని రాదు. జరమున్నోన్ని కుట్టినంకనే ఇంకొకలకు అంటిస్తది. ఆయనను కప్పితే ఇంటిల్లిపాదికి మేలు.”

కోస్గి నుంచి మహబూబ్‌నగర్ పోయే బస్సులో జరిగిన తగువు ఇది. ఆసుపత్రికి తీసుకుపోతున్న మా ఆయన పక్కన గొంగడి కప్పుకుని వణుకుతున్నాడు. మా ఇంట్లో ఉన్నది ఒకటే తెర, పాత పంచెలు అతికి నేనే కుట్టింది. ఎదుటి సీటులోని అతను ఊరూరా తిరిగి, జ్వరం ఏ ఇంట్లో ఎట్లా పాకుతుందో లెక్క కట్టే ఉద్యోగి. నా ఒళ్లోని పల్లికాయలు తీసి సీటు మీద పేర్చాడు. ఒక కాయ మీద రుమాలు కప్పి, “గిది ఆగితే గివన్నీ ఆగుతయి” అన్నాడు.

“కాయలదేం పోయింది? నీ బిడ్డయితే బయట పండవెడుతవా?” అన్నాను.



“గీ లెక్క నేర్వకముందు నేనూ చిన్నబిడ్డనే తెరల పెట్టిన అక్కా. జరమున్న మా ఆమె, మంచిగున్న పెద్దోడు బయట పండుకున్నరు. పెద్దోడు దక్కలే.”

రుమాలు తీసి, కాయలన్నీ మళ్లీ నా ఒళ్లో పోశాడు.

ఆ రాత్రి ఇంటికి తిరిగొచ్చాక మా ఆయనను తెరలో పడుకోబెట్టి, పిల్లను నా కొంగు కింద పెట్టుకున్నాను. తెల్లవారగానే పెట్టెలో ఎన్నడూ మడత విప్పని పలుచటి చీరను తీసి, కత్తిరించి, పిల్లకు రెండో తెర కుట్టడానికి కూర్చున్నాను.