గడ్డం మీద మంచున్న దొర

మా ఆయన మదనపల్లెలో పటాలు కట్టే అంగడి పెట్టుకున్నాడు. పెళ్లి ఫోటోలు, దేవుళ్ల పటాలు, బైబిలు వాక్యాలు, చనిపోయినవాళ్ల ఫోటోలు, ఏది తెచ్చినా చట్రం కట్టి, అద్దం వేసి, వెనక అట్ట బిగించి ఇచ్చేవాడు. మా పనిలో ఒక పద్ధతి ఉంది. కట్టించుకున్నవాళ్లు వచ్చి తీసుకోకపోతే ఒక ఏడాది గోడకు తగిలించి చూస్తాం. ఆ తర్వాత విప్పేస్తాం. అద్దం ఇంకొకరికి పనికొస్తుంది, చట్రం కోసి చిన్నది చేసుకోవచ్చు. లోపలి బొమ్మ చెత్తలోకి పోతుంది. ఎవరి పెళ్లో, ఎవరి బిడ్డో, చూడకుండా చించేయడమే. మా ఆయన కూడా అట్లాగే చేసేవాడు. మూడు పటాల దగ్గర మాత్రం ఆయనకు చేతులు రాలేదు.

అవి తెచ్చింది కుప్పం నుంచి ఒక పెద్దాయన. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన సారు. మదనపల్లెకు ఆసుపత్రి పనిమీద వచ్చినప్పుడల్లా మా అంగట్లో కాసేపు కూర్చునేవాడు. ఒకసారి పొడుగాటి అట్ట గొట్టంలో చుట్టిన మూడు ఫోటోలు తెచ్చాడు. ఎప్పటివో పాత ఫోటోల నుంచి మళ్లీ అచ్చు వేసినవంట. రంగుల్లేవు, నలుపూ తెలుపే. ఒకదాంట్లో మంచులో ఇరుక్కుపోయిన ఓడ. ఒకదాంట్లో బండి లాగే కుక్కలు, వాటి పక్కన గుడారం. మూడో దాంట్లో ఒక మనిషి ముఖం. తలకు బొచ్చు టోపీ, గడ్డం నిండా మంచు పేరుకుపోయి, కళ్లు మాత్రం మనల్నే చూస్తూ ఉంటాయి. భూమికి అడుగున, దక్షిణ ధ్రువమంట, మంచు తప్ప ఏమీ లేని చోటికి నడిచిపోయినవాళ్లంట వాళ్లు. కొందరు తిరిగి రాలేదంట.

నేను మా ఆయనకు అన్నం తీసుకుపోయి, అక్కడే నిలబడి చూశాను.

"ఇంట్లో పెట్టుకునే పటాలా సార్ ఇవి? సూస్తానే సలి పుడతాంది" అన్నాను.

"ఎండాకాలానికి పనికొస్తాయిలేమ్మా" అని సారు నవ్వాడు. "కొత్తిల్లు కట్టినా. ముందర గదిలో మూడు మేకులు కొట్టించి పెట్టుండా. ఉద్యోగమంతా పిల్లోళ్లకు వీళ్ల గురించే చెప్పినా. ఇంక వీళ్ల మొగాలు సూసుకుంటా కూసుంటా."

మా ఆయన బాగా మనసుపెట్టి కట్టాడు ఆ మూడింటినీ. నల్ల చట్రం, బొమ్మ చుట్టూ తెల్ల అట్ట అంచు. సారు మళ్లీ రాలేదు. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయేది. ఏడాది దాటింది. ఒకరోజు మా ఆయన మేకులు పీకే పట్టకారు చేతికి తీసుకుని, ఆ ముఖం ఎదురుగా చాలాసేపు కూర్చుని, మళ్లీ కింద పెట్టేశాడు.

"ఎట్లాగూ ఆ మంచులో పడి సచ్చిపోయినోళ్లు. మళ్లా నా చేత్తో చించేదా?" అన్నాడు.

ఓడనూ కుక్కలనూ మా ఇంటికి తెచ్చాడు. ఆ ముఖాన్ని మాత్రం నేను వద్దన్నాను. పొయ్యి దగ్గర ఉంటే వీపు వెనక నుంచి ఎవరో చూస్తున్నట్టు ఉంటుందని చెప్పాను. సరే అని దాన్ని పుంగనూరుకు, వాళ్లమ్మ ఇంటికి తీసుకుపోయాడు. నేనూ వెంట పోయాను.

మా అత్త కొత్త కోడలిగా ఉన్నప్పుడే ఆమెకు క్షయ వచ్చింది. దగ్గితే రక్తం. ఇంట్లో అందరూ ఆశ వదులుకున్నారు. అప్పుడు ఆమెను మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో చేర్చారు. ఆ కాలంలో అక్కడ జబ్బు మనుషులను గాలి ఆడే వసారాలో పడుకోబెట్టేవాళ్లంట. చలికాలం కూడా అంతే. ఒక దొర, తెల్ల డాక్టరు, తెల్లవారకముందే వచ్చి ఒక్కొక్కరి దుప్పటి సర్దేవాడంట. ఆ మంచి గాలే ఆమెను బతికించింది అంటుంది మా అత్త. దొర బతికించాడు, దేవుడు దొరను పంపించాడు అంటుంది. ఆ తర్వాతే మా ఆయన పుట్టింది.

ఆ రోజు మా ఆయన పటాన్ని మంచం దగ్గర గోడకు ఆనించగానే మా అత్త కళ్లు చికిలించి చూసింది. లేచి దగ్గరికి పోయింది. అద్దం మీద చేయి పెట్టింది.

"ఒరే నాయనా! దొరను యాడ పట్టుకొచ్చినావురా?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను.

"అంగట్లో ఉండాడుమా" అన్నాడు.

"సూడు, గడ్డం మీద మంచు సూడు. అట్లే వచ్చేవాడు మా కాడికి. సలికి వణకతా వచ్చేవాడు, మాకు మాత్రం దుప్పటి కప్పేవాడు. ఇంత మంచు పడుతుందిరా ఆ కొండల్లో, నేను సెప్తే మీరు నమ్ముతారా?"

బస్సులో తిరిగి వస్తూ నేను అడిగాను. ఆమెకు నిజం చెప్పకపోతే ఎట్లా అని.

"సెప్తే ఏమొస్తాది? ఆ దొర ఫోటో యాడా దొరకదు. ఈయప్ప గూడా సలిలో కష్టపడినోడే కదా. ఉండనీ" అన్నాడు.

నేనూ ఊరుకున్నాను. మా అత్త ఆ పటాన్ని రోజూ తుడిచేది. వచ్చినవాళ్లకంతా చూపించేది.

ఆ తర్వాత మా ఆయనకు కిడ్నీలు చెడిపోయాయి. డయాలసిస్ చేయించాము. నీళ్లు కొలిచి తాగాలన్నారు. మనిషి నీళ్లకోసం అలమటించిపోయాడు. ఎండకు కాగే అంగట్లో నిలబడి పని చేసిన మనిషి, బిందె ఎత్తి తాగే మనిషి, చిన్న గ్లాసు పట్టుకుని ఒక్కొక్క గుక్క లెక్క చూసుకునేవాడు. ఒక వేసవిలో ఆసుపత్రిలోనే పోయాడు. మా అత్తను తీసుకురావడానికి కూడా సమయం చాలలేదు. కొడుకు శవాన్నే ఆమె చూసింది.

మాకు పిల్లల్లేరు. అంగడి ఖాళీ చేసి, ఓడనూ కుక్కలనూ చీరలో చుట్టుకుని, నేను పుంగనూరుకు మా అత్త దగ్గరికి వచ్చేశాను. ఇద్దరం విధవలం, ఒక గది. అయినా ఆమె నాతో కొడుకు మాట ఎత్తేది కాదు. అన్నం పెడితే తినేది, చీర మార్చుకోమంటే మార్చుకునేది. కొడుకు గురించి ఏం మాట్లాడినా ఆ పటంతోనే.

"ఏం దొరా, నన్ను బతికించి ఏం సాధించినావు? ఈ ఎండు కట్టెను ఈడ పెట్టి నా బిడ్డను పంపిస్తివే. అప్పుడే నన్ను వదిలేసుంటే ఈ పొద్దు ఈ ఏడుపు ఉండునా?"

ప్రార్థనకు వచ్చిన పాస్టరయ్య అది విని మందలించాడు. "పటానికి మొక్కకూడదమ్మా, అది మనకు తగదు" అన్నాడు.

"మొక్కేది యాడుండాది అయ్యా? తిడతాండా" అంది మా అత్త.

నేను అరుగు మీద కూర్చుని అంతా వినేదాన్ని. నాకూ ఏడవాలని ఉండేది. ఎవరితో ఏడవను? ఆయన చివరి మాటలు విన్నది నేనొక్కదాన్నే. వాటిని కడుపులో పెట్టుకుని తిరిగాను. ఆమె ఒక్కసారి కూడా అడగలేదు.

అట్లా ఉండగా ఒకరోజు ఒక ఆడమనిషి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. కుప్పం సారు కూతురు. వాళ్లింట్లో ముందెప్పుడో మా దగ్గర కట్టించిన ఒక పటం వెనక మా అంగడి చీటీ అతికించి ఉందంట. దాన్ని పట్టుకుని మదనపల్లెకు పోయింది. అంగడి ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. వాళ్లు ఇక్కడికి పంపించారు.

అరుగు మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చాను.

"మా నాయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయిందక్కా" అని చెప్పింది. "మంచంలోనే ఉండినాడు ఇన్నేండ్లు. ముందర గదిలో మూడు మేకులుండాయి. రోజూ వాటి వైపు చెయ్యి సూపించి ఏదో అంటాడు. మాకు అర్థమయ్యేది కాదు. చొక్కా తగిలించమంటాండాడేమో అని తగిలిస్తే తల కొట్టుకునేవాడు. పోయిన నెల పోయినాడు. మొన్న ఆయన పాత శిష్యుడొచ్చి, నేను పంపించిన ఫోటోలు యాడుండాయి అని అడిగితే, అప్పుడు తెలిసింది."

ఓడనూ కుక్కలనూ తెచ్చి ఇచ్చాను. ఆమె వాటిని ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. తర్వాత తలెత్తితే, తెరిచిన తలుపులోంచి గోడమీది ముఖం ఆమెకు కనపడింది.

నేను ఆమె చేయి పట్టుకుని మెల్లగా విషయమంతా చెప్పాను. మా అత్త జబ్బు గురించి, దొర గురించి, మా ఆయన ఊరుకున్న సంగతి. ఆమె కళ్లు తుడుచుకుంది.

"వద్దులే అక్కా. ముసలామె కాడి నుంచి లాక్కుపోయేదానికి నాకు మనసు రాదు. రెండు సాలు."

సాలు అంది గానీ మూడో మేకు ఆమె గొంతులోనే గుచ్చుకుని ఉందని నాకు తెలిసింది. లోపలి నుంచి మా అత్త కేక వేసింది.

"ఏమ్మే, ఎవరది? ఏమంటాండాది ఆ బిడ్డ?"

లోపలికి పోయి, ఈ పటం వాళ్ల నాయన కట్టించుకున్నదని, తీసుకోకముందే జబ్బున పడ్డాడని, చనిపోయేదాకా దానికోసం చేయి చూపించాడని చెప్పాను. దొర కాదని మాత్రం నా నోటికి రాలేదు.

మా అత్త ఆ పిల్లను దగ్గరికి పిలిచింది.

"నీ నాయనకు గూడా ఈ దొరే వైద్యం చేసినాడా?"

ఆ పిల్ల ఒకసారి నా వైపు చూసింది. "లేదవ్వా. మా నాయన బళ్లో ఈయన గురించి పాఠం సెప్పేవాడు."

"అట్లనా. మంచోళ్ల గురించి సెప్పాల్సిందే." మా అత్త పటం వైపు తిరిగి చూసింది. తర్వాత, "తీసుకుపో తల్లీ. మాట రాక చెయ్యి సూపించి సూపించి పోయినాడంటే ఎంత కష్టం అది. నేనన్నా నోరారా తిట్టుకుంటి" అంది. నా వైపు తిరిగి, "ఏమ్మే, దించు. అద్దం జాగ్రత్త" అంది.

దించాను. ఆమె అటు తిరిగి పడుకుంది.

మూడు అద్దాల పటాలు బస్సులో మోసుకుపోవడం ఒక్క మనిషి వల్ల కాదు. నేనూ వెంట పోయాను. పలమనేరులో బస్సు మారి, మధ్యాహ్నానికి కుప్పం చేరాము. ముఖం ఉన్న పటాన్ని నేనే ఒళ్లో పెట్టుకున్నాను. వాళ్లింటి ముందర గదిలో మూడు మేకులూ ఒకే వరసలో ఉన్నాయి. ఒక మేకుకు ఇంకా ఆ పెద్దాయన చొక్కా వేలాడుతూ ఉంది. కూతురు దాన్ని తీసి, మడత పెట్టబోయి, పెట్టలేక చేతిలోనే పట్టుకుని నిలబడింది. నేను మా ఆయన చూసుకున్నట్టే తాడు బిగువు చూసి, వంకర లేకుండా సర్ది, మూడూ తగిలించాను. వాళ్లు భోంచేసి పొమ్మన్నారు. నేను ఆగకుండా బస్సుకు వచ్చేశాను.

పుంగనూరుకు వచ్చేసరికి మా అత్త పడుకునే ఉంది. మర్నాడు పొద్దున కాఫీ ఇస్తే తీసుకోలేదు. గోడ వైపు చూసింది. తిట్టడానికి అక్కడ ఎవరూ లేరు. చాలాసేపటికి నా వైపు తిరిగింది.

"ఆ పొద్దు నా బిడ్డ నన్ను అడిగినాడా?"

నా చోట మా ఆయనుంటే, ఆమె మనసు కోసం, అడిగినాడమ్మా అని చెప్పేవాడు. నాకు అట్లా చెప్పడం చేతకాలేదు.

"లేదత్తా. నీళ్లడిగినాడు."

"ఇచ్చినావా?"

"ఇంక కొలిచేదేముంది అన్నారు డాక్టర్లు. గ్లాసు నిండా ఇచ్చినా."

"తాగినాడా?"

"తాగినాడు. అంతా తాగలేకపోయినాడు. సగం గొంతు మీద కారిపోయింది. నేను కొంగుతో తుడిచినా."

ఆమె నోరు తెరిచింది గానీ ఏడుపు వెంటనే రాలేదు. వచ్చాక ఆపలేకపోయాను. నేనూ ఆపుకోలేదు. కొంతసేపటికి ఆమె మంచం మీద పక్కకు జరిగి, నా చేయి పట్టి లాగింది.

"ఈడ కూసో. ఆసుపత్రికి పోయిన కాడి నుంచి సెప్పు. ఏమీ ఇడిసిపెట్టొద్దు."

కూర్చున్నాను. చెప్పడం మొదలుపెట్టాను.