టెండరు మేడంకు ఒడి బియ్యం

ఒక్క పట్టుచీరతో ఉద్యోగం, పరువు, కంపెనీ పేరు మూడింటినీ ఒకేసారి గోదాట్లో కలపబోయిన ఘనుడి కథ చెబుతాను, వినండి. ఆ ఘనుణ్ని నేనే. చీర మాత్రం మా అవ్వది, అంటే నన్ను కన్నతల్లిది.

అప్పటికి నేను మరాఠీ గడ్డ మీది నాందేడ్‌లో డ్రిప్పు పైపులు అమ్మే ఓ కంపెనీలో చేరి నాలుగు నెలలు. ఆరు నెలలు సవ్యంగా గడిస్తేనే ఉద్యోగం ఖాయం. చేరగానే పుణె నుంచి జోషి సార్ వచ్చి రోజంతా శిక్షణ ఇచ్చారు. కస్టమర్లకు మర్యాద ఎంతవరకు చేయొచ్చు, ఎక్కడ గీత దాటితే లంచమవుతుంది అన్నది పాఠం. సర్కారు అధికారులైతే, అందులోనూ టెండరు నడుస్తుంటే, చాయ్, సాదా భోజనం. అంతే! చివర పెట్టిన పరీక్షలో నాకు నూటికి నూరు వచ్చాయి. ఆ రోజు నుంచి ఆఫీసులో నా నడకే మారిపోయింది. ఎవరైనా కస్టమర్‌కు ఓ డైరీ ఇచ్చినా "రిజిస్టర్ల రాసినవా?" అని వెంటపడేవాణ్ని. ఇప్పుడు తలచుకుంటే నన్ను నేనే రెండు తగిలించుకోవాలనిపిస్తుంది.

ఇంతలో ఒక సర్కారు ఆఫీసు డ్రిప్పు టెండరు పిలిచింది. కమిటీలో ఉన్న సులోచన మేడం, మా పైపులు చేలో ఎలా పనిచేస్తాయో చూస్తానన్నారు. తెలుగు సరిహద్దున ఉన్న మా ఊరు కుండల్‌వాడిలో, మా సొంత చేన్లోనే కంపెనీ పైపులున్నాయి కాబట్టి అక్కడికే రమ్మన్నాను. జోషి సార్ కూడా వస్తానన్నారు. భోజనానికి పచ్చజొన్న కంకులు కాల్చిన హుర్డా, పెరుగు, పచ్చడి. దానికీ అనుమతి కాగితం తీసుకున్నాను. అన్నీ చేసి, ముందురోజు ఫోన్లో అవ్వతో ఒక్క మాట అన్నాను.

"అవ్వా, రేపు మేడం అస్తున్నది. మన పని ఆమె చేతుల్నే ఉన్నది. జర మంచిగ చూసుకో."

"నువ్వు ఫికర్ చెయ్యకు బిడ్డా. నేను చూసుకుంట గదా!"

శిక్షణ నాకిచ్చారు గానీ మా అవ్వకు ఇవ్వలేదన్న సంగతి నాకు తట్టనే లేదు.

మేడం తమ ఆఫీసు జీపులోనే వచ్చారు. పైపులు చూశారు, నాలుగు ప్రశ్నలడిగారు, హుర్డా తిన్నారు. మా ఊరిలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే మర్ఖేల్ ఆడపడుచు కావడంతో అవ్వతో తెలుగులోనే ముచ్చట్లు పెట్టారు. తెలుగు రాని జోషి సార్ వేళ్లు కాల్చుకుంటూ కంకులు నములుతున్నారు. నేను గాల్లో తేలుతున్నాను. మేడం జీపు వైపు కదిలారో లేదో, అవ్వ ఇత్తడి పళ్లెంతో ఎదురొచ్చింది.

పళ్లెంలో బియ్యం, కొబ్బరికాయ, పసుపు, కుంకుమ. వాటి మీద నెమలి రంగు పట్టుచీర. నా పెళ్లికని దాచిన చీర!

మా వైపు ఇంటికొచ్చినా చేనుకొచ్చినా ముత్తయిదువను ఒడి నింపకుండా పంపరు. ఆ ఒడిని ఏ ముత్తయిదువా వద్దనదు. ఇది నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. నూటికి నూరు తెచ్చుకున్న బుర్రకు మాత్రం గుర్తు రాలేదు.

"కొంగు పట్టు బిడ్డా" అంది అవ్వ. మేడం అలవాటుగా పట్టారు. అవ్వ బొట్టు పెట్టి, దోసిలితో బియ్యం పోస్తూ అంది: "మా పోరని పని నీ చేతుల్నే ఉన్నదట. జర చూడు తల్లీ."

శిక్షణలో జోషి సార్ తెరమీద చూపిన బొమ్మ అచ్చం ఇదే. ఒక చేత్తో కానుక, నోటితో కోరిక.

"అమ్మగారు ఏమంటున్నారు?" మరాఠీలో అడిగారు జోషి సార్.

"ఏం లేదు సార్, పిల్లాపాపలతో చల్లగా ఉండమని దీవిస్తోంది" అన్నాను నేనూ మరాఠీలోనే.

అవ్వకు మరాఠీ నాకంటే బాగా వచ్చు. "నేనెప్పుడు దీవించిన్రా? అబద్ధాలెందుకు చెప్తున్నవ్?" అని నన్ను కసిరి, సార్ వైపు తిరిగి, తానన్న మాటను మరాఠీలో పొల్లుపోకుండా అప్పజెప్పింది. ఆయనకు అర్థం కాలేదేమోనని రెండోసారి కూడా చెప్పింది.

జోషి సార్ చేతిలోని కంకి కింద పడింది.

మేడం కోప్పడలేదు. కొంగులోని బియ్యం పళ్లెంలో తిరిగి పోసి, ఐదు గింజలు మాత్రం ముడి వేసుకున్నారు. చీర తీసి అవ్వ భుజాన కప్పారు.

"అవ్వా, నా ఒడి నిండింది. ఈ చీర నీ కోడలికి ఉంచు. నేను తీసుకుంటే నీ కొడుకు నౌకరీ పోతది, నాది గూడ పోతది."

"అయ్యో! చీర పెడితే నౌకరీ పోతదా?"

"పెట్టుకుంట పని చూడుమన్నవ్ గదా అవ్వా. గందుకు."

తర్వాత కొబ్బరికాయను అక్కడే రాయి మీద కొట్టి, డ్రైవరుతో సహా అందరికీ ముక్కలు పంచారు. జోషి సార్‌తో, "జరిగింది జరిగినట్టు రాయండి. మా ఆఫీసులో నేనూ రాసిస్తాను. మీ కాగితాలు ఇక వేరేవాళ్లు చూస్తారు. ఈ అబ్బాయి నన్ను పిలిచింది పైపులు చూడటానికే, అది కూడా రాయండి" అన్నారు.

టెండరు మాకు రాలేదు. నా ఉద్యోగం మాత్రం నిలిచింది, దాచకుండా రాసిన ఆ రెండు కాగితాల వల్లే. మేడం మొహమాటానికి చీర తీసుకున్నా, విసురుగా తోసేసి మా అవ్వ మనసు విరిచినా, నేనివాళ ఇలా నవ్వుతూ రాసేవాణ్ని కాదు. ఆమెను తలచుకున్నప్పుడల్లా చేతులు వాటంతటవే జోడవుతాయి.

నాకు పడిన శిక్ష, మళ్లీ మొదటి నుంచి శిక్షణ. ఈసారి జోషి సార్ మా ఇంటికే వచ్చారు, అవ్వను కూడా కూర్చోబెట్టారు. "లంచమంటే ఏమిటి?" అన్నది మొదటి ప్రశ్న. "అనుచిత లబ్ధిని ఆశించి, ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ..." అని నేను మొదలుపెట్టానో లేదో, అవ్వ అడ్డు తగిలింది.

"గంత దూరం ఎందుకు పోతున్నవ్‌రా? అడిగేది ఉన్నప్పుడు పెట్టొద్దు. పెట్టినప్పుడు అడగొద్దు. గంతే!"

మరాఠీలో చెప్పించుకుని, జోషి సార్ ఆ మాటను తన పుస్తకంలో రాసుకున్నారు. ఇప్పుడు కొత్తవాళ్లందరికీ పాఠం దానితోనే మొదలవుతుంది.

కనుక గోదావరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: టెండరు నడుస్తుండగా ఏ అధికారినైనా మా చేనుకు పిలవాల్సి వస్తే, ముందు పరీక్ష మా అవ్వకే పెడతాను. నూటికి నూరు ఆమెకు ఎలాగూ వస్తాయి. అయినా సరే, ఆ రోజు ఇత్తడి పళ్లేన్ని మాత్రం పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జోషి సార్‌కు ఇచ్చేస్తాను.