ఎర్ర దారం

ఉధ్నాలో మరమగ్గాల మీద దిగిన గుడ్డను తనిఖీ చేయడం పరుశురాం పని. పోగు తెగిన చోటల్లా అంచుకు ఎర్ర దారం కడతాడు. ఆ దారం కొంత అతని చొక్కా గుండీకి చుట్టుకుని ఇంటికీ వస్తుంది. ఆదివారాలు అతను కార్ల వేగం పెంచే పాత సామాన్లు కొని, తోమి, ఫోన్‌లో అమ్మకానికి పెడతాడు. ఎక్కడ సొట్ట ఉంటే అక్కడ దారం కట్టి మరీ ఫోటో తీస్తాడు. “అటు తిప్పి తీస్తే ఎవనికి కనవడ్తది?” అంటుంది భార్య మంగ. “గిరాకి ఇంటికి పోయినంక కనవడదా?” అంటాడు. కొనేవాళ్లు మాత్రం ఆ దారాన్నే పట్టుకుని ధర కిందికి లాగుతారు. తగ్గించడు కాబట్టి తిట్టిపోస్తారు. మొన్నామధ్య రేసింగ్ సైలెన్సర్ కోసం ఆల్థాన్ నుంచి శివకృష్ణ వచ్చాడు. “సొట్ట ఉందని నువ్వే చూపిస్తున్నవ్ గద అన్నా, మూడు వేలు తగ్గియ్.” “దానికి ముందే తగ్గించిన తమ్మీ. ఒక్క సొట్టకు రెండుసార్లు జుర్మానా కట్టాల్నా?” గంటసేపు గునిసి, చివరికి చెప్పిన ధరకే పట్టుకుపోయాడు. నాలుగు రోజులకు అదే సైలెన్సర్ శివకృష్ణ పేరుతో ఫోన్‌లో మళ్లీ అమ్మకానికి కనిపించింది. ధర నాలుగు వేలు ఎక్కువ, ఫోటోలో సొట్ట గోడవైపు. పరుశురాం దాని కింద ఒక్క మాట రాశాడు: “దారం ఏది?” సాయంత్రానికి ఇంకో తొమ్మిదిమంది అదే అడిగారు. అందరూ ఒకప్పుడు అతన్ని తిట్టిపోసినవాళ్లే.