బాలింతకు ఏ చేప

నా చిన్నప్పుడు మేము ఒమాన్‌లో, మస్కట్‌కు కాస్త ఎడంగా ఉన్న సీబ్ తీరంలో ఉండేవాళ్ళం. అమ్మ ఆసుపత్రిలో నర్సు. నాన్న అదే ఆసుపత్రి ల్యాబులో పరీక్షలు చేసేవాడు. మా పక్కింటి అక్క కూడా నర్సే, కాకినాడ వైపు మనిషి. ఆమెకు తొలికాన్పు అయ్యేనాటికి కన్నతల్లి లేదు. అందువల్ల అప్పుడు మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చి ఉన్న మా అమ్మమ్మే ఆమె పురుడు చూసుకుంది.

బిడ్డకు పాలు చాలలేదు. అక్క ఆ సంగతి ఎవరితోనూ అనేది కాదు గాని, బిడ్డ ఏడుపు గోడకు ఇవతల మాకు వినిపిస్తూనే ఉండేది.

మా కోస్తా ఊళ్ళలో బాలింతకు పాలు పడాలంటే సొరచేప పెడతారు. ఉడకబెట్టి, తోలు ఒలిచి, కండను చేత్తో చిదిమి, దండిగా వెల్లుల్లి వేసి పిట్టు చేస్తారు. ఊళ్ళో ఎప్పుడో వలలో పడితే తప్ప దొరకని సొర, ఇక్కడి చేపల సూక్‌లో, అంటే బజారులో, ప్రతి ఉదయం బల్లల మీద కనిపించేసరికి అమ్మమ్మకు ప్రాణం లేచివచ్చింది. అక్కడ సెలవురోజైన ఒక శుక్రవారం చర్చి నుంచి వస్తూ పెద్ద సొర ముక్క కొనిపించి, నెల తిరిగేదాకా రోజూ ఇదే పెడతానని అక్కకు మాట ఇచ్చేసింది.

పెద్ద సొర కండలో పాదరసం పేరుకుని ఉంటుందనీ, కడిగినా వండినా అది పోదనీ, తల్లి తిన్నదానిలో కొంత పాల ద్వారా బిడ్డకు చేరుతుందనీ నాన్నకు తెలుసు. అమ్మ ఆ మాట ఎత్తగానే అమ్మమ్మ నవ్వేసింది.

"జొరం చూసే గాజుపుల్లలోది చేప కడుపులోకి ఎలా దూరిందే? నువ్వేం తిని పెరిగావనుకున్నావ్?"

నాన్న వాదించలేదు. గోధుమపిండి ముద్ద, మిరియాల డబ్బా తెచ్చి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. చిటికెడు పిండితో ఒక్కో చిన్న చేపను చేసి, ఒక్కో మిరియం పెట్టమన్నాడు. అవి కవళ్ళనే చిన్న చేపలు, మిరియం వాటిలోని పాదరసం. నాలుగైదు పక్కన పెట్టి, మిగతావాటిని కొన్నేసి కలిపి నొక్కి, మిరియాలు జారిపోకుండా పిండిని మాత్రం చాలావరకు గిల్లి తీసేశాడు. పెద్ద చేప చిన్నవాటిని తింటుంది, తిన్న తిండి ఈతకు ఖర్చయిపోతుంది, విషం అలా ఖర్చు కాదు అని చెప్పాడు. అలా మధ్యరకం చేపలయ్యాయి. వాటిని మళ్ళీ కలిపి, మళ్ళీ పిండి గిల్లేస్తే సొర అయింది. అన్నిటినీ పెనం మీద కాల్చాడు.

నేను ముందు కవళ్ళ ముక్క తిన్నాను, నోటికి తెలియనే లేదు. అంతే ముక్క సొరది నోట్లో పెట్టుకోగానే కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"పసిదాని నోరు కాల్చి ఇదేం వైద్యం అల్లుడుగారూ!" అంటూ అమ్మమ్మ తానూ ఒక ముక్క కొరికింది. నవ్వడానికే కొరికింది గాని, నములుతూ నములుతూ ఆగిపోయింది. మెల్లగా అడిగింది.

"మరి నా పిల్లలందరికీ నేనిదే తిని పాలిచ్చాను కదా బాబూ. అయితే నేనే..."

అమ్మ వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

నాన్న తొందరపడలేదు. ఆయన అన్నదంతా నాకు గుర్తుంది. "మీ ఊళ్ళో సొర ఎప్పుడో ఒకసారి దొరికేది అత్తయ్యా. ఎప్పుడో తినేది వేరు, రోజూ తినేది వేరు. అసలేమీ చేరలేదని నేను అబద్ధం చెప్పను. కానీ మీ పిల్లలు మీ కళ్ళముందే ఉన్నారు, చూసుకోండి. పక్కింటి అమ్మాయికి మీ చెయ్యే కావాలి. చేప ఒక్కటి మార్చండి చాలు."

అమ్మమ్మ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. మర్నాటి నుంచి అదే వెల్లుల్లి, అదే వండే తీరు, సొరకు బదులు కవళ్ళు. ముళ్ళు తీయడానికి పొద్దంతా పడుతోందని సణుగుతూనే తీసేది. కొన్నాళ్ళకు అక్కకు పాలు పెరిగాయి. కవళ్ళ వల్లనో, వేళకు తిని పడుకోవడం వల్లనో, బిడ్డకు రొమ్ము పట్టు కుదరడం వల్లనో నేను నిర్ణయించలేను.

పెద్దయ్యాక నేనూ ల్యాబులోనే స్థిరపడ్డాను, చేపల్లో లోహాలను కొలవడమే నా పని అయింది. ఫలితాలు చెప్పడానికి ఉత్తరాన బాతినా తీరపు పల్లెలకు వెళ్ళినప్పుడల్లా, ఎవరో ఒక పెద్దావిడ చివరిదాకా కూర్చుని, అందరూ లేచాక అరబ్బీలో నన్ను ఒంటరిగా అడిగేది: మరి ఇన్నేళ్ళూ నేను వండిపెట్టానే?

పరికరం ఇచ్చిన అంకెను చెప్పడం సులువే. ఆ తర్వాత వచ్చే ఈ ప్రశ్నకు అబద్ధమాడకుండా, అడిగిన తల్లి తల వంచుకుని ఇంటికి వెళ్ళకుండా జవాబు చెప్పాలి. అందుకే ఏ పల్లెకు వెళ్ళినా, నా మాట ముగిశాక వెంటనే లేవను. ఆ ఒక్కరూ వచ్చేదాకా కూర్చునే ఉంటాను.