చక్కెర లేని టీ

ఆ వీధిలో బట్టలు కుట్టే ఆవిడను అందరూ అక్కయ్య అనే పిలుస్తారు. ఆ పిలుపు ఆమె తమ్ముడితో మొదలైంది. తల్లి పోయాక వాణ్ణి పెంచింది ఆమే. కార్లకు రంగులు కొట్టే షెడ్డులో పనికి కుదిరి, నడినెత్తిన జుట్టు పలచబడ్డాక కూడా ఆమెకు వాడు చిన్నోడే.

చిన్నోడి నడుము మీద, తొడల మీద ఎర్రటి మచ్చలు లేచాయి. ఎండ ఎరగని చోట్లనే వెతుక్కుని విచ్చుకున్నట్టు. రంగులో కలిపే థిన్నర్ పడలేదనుకున్నారు. తామర అనుకున్నారు. పూతమందుల ట్యూబులు కిటికీ గట్టు మీద ఒక్కొక్కటే ముడుచుకుపోతూ ఏళ్లు గడిచాయి. చివరికి పెద్దాసుపత్రిలో చర్మం ముక్క తీసి చూసి చెప్పారు. లింఫోమా అనే క్యాన్సర్, అందులోనూ చర్మానికి వచ్చే అరుదైన రకం. ఒంటికి కాపలా కాయాల్సిన తెల్లకణాలే చర్మంలో మకాం పెట్టి, అదుపు తప్పి పెరుగుతున్నాయి.

"వీటికి ఆకలెక్కువ," అంది డాక్టరమ్మ. "చక్కెరను గబగబా మింగి, సగం కాల్చి, మిగతాది ఆమ్లంగా బయటికి పారేస్తాయి."

తర్వాత మందుల గురించి ఇంకా ఏమేమో చెప్పింది. అక్కయ్య చెవిలో మాత్రం ఒక్క మాటే ఉండిపోయింది.

ఆ సాయంత్రమే చక్కెర డబ్బా పక్కింటికి వెళ్లిపోయింది. ఆ వెనకే పళ్లు పోయాయి. అన్నం పిడికెడయింది.

"జబ్బు సంగతేమో గానీ అక్కా, ఈ టీ తాగుతుంటే నాకే బతుకు మీద విరక్తి పుడుతోంది."

"నోర్మూసుకుని తాగు. అవి మాడి చావాలి."

"వాటి కంచం, నా కంచం ఒకటే కదే!"

"వెధవ తెలివీ నువ్వూనూ," అని ఆమె నవ్వింది. వాడూ నవ్వి తాగేశాడు. ఆమె ఇచ్చింది కాదనడం వాడికి చిన్నప్పటి నుంచీ చేతకాదు.

చొక్కాలు వదులయ్యాయి. అక్కయ్య కుట్లు లోపలికి జరుపుతూ పోయింది. కరుగుతున్నది శత్రువే అనుకుంది. కుట్టుమిషను చప్పుడు ఆమెకు గెలుపులా వినిపించేది.

కొత్త మందు ఎక్కించాల్సిన రోజు డాక్టరమ్మ వాడి బరువు చూసి ఆగిపోయింది.

"ఇంత నీరసంగా ఉంటే ఈ మందు తట్టుకోలేరు. తిండి ఎవరు మానిపించారు?"

"నేనేనమ్మా. వాటిని మాడ్చుదామని..."

డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "మనం పెట్టకపోయినా వాటికి అందుతుందమ్మా. తిండి చాలకపోతే ఒళ్లు తన కండనే కరిగించి చక్కెర చేసుకుంటుంది. అవి అందులోంచి లాక్కుంటాయి. మాడింది ఈయనే."

కాస్త కండ పట్టాక రమ్మంది. అంతవరకూ మచ్చలు ఆగుతాయో లేదో ఆమె చెప్పలేదు, అక్కయ్య అడగలేదు. బస్సులో ఆమె పక్కన వాడి మోకాళ్లు, బట్టల కింద కర్రల్లా.

ఇంటికి రాగానే చిక్కగా టీ పెట్టి, చక్కెర దండిగా వేసి ఇచ్చింది. వాడు ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు.

"ఏరా?"

"అలవాటు తప్పిందక్కా. తీపి మింగుడుపడటం లేదు."

"ఇన్నాళ్లూ ఒక్క మాట గట్టిగా ఎందుకు అనలేదురా?"

"నువ్వు అంత ఆశగా ఉన్నావు. చెడగొట్ట బుద్ధి కాలేదు."

"ఇప్పుడైనా తిట్టరా. నోటికొచ్చినట్టు తిట్టు."

వాడు పెదవులు కదిపాడు. మాట రాకముందే ఆయాసం వచ్చింది. గోడకు తల ఆన్చి కళ్లు మూసుకున్నాడు. తనను తిట్టడానికి కావలసినంత ఓపిక కూడా వాడిలో తాను మిగల్చలేదని అక్కయ్యకు అప్పుడు తెలిసింది.